లెక్క తేలని రాళ్ళు

టెంటు చివరి మేకుని
సున్నపురాతి నేల దిగనివ్వలేదు.
మూడు దెబ్బలకే అది వంకరపోతే
కల్యో దాన్ని జేబులో వేసుకుని
తాడు తెచ్చి జూనిపర్ పొదకి కట్టేశాడు.
"ఇవాళ గాలి సెలవులో ఉందిలే, విల్వె" అన్నాడు.
అంతే, పని అయిపోయింది.
ఇక చూడ్డమే.

సారెమా దీవికి పడమటి కొస.
ఎదురుగా సముద్రం,
అందులో నల్లగా కొన్ని రాళ్ళు,
రాళ్ళ మీద రాళ్ళలాగే పడుకున్న సీళ్ళు.
ఏది ఏదో
రెండో కప్పు కాఫీ దాకా తేలదు.

ముప్ఫై ఒక్కేళ్ళు రేవులో టికెట్లు చించిన మనిషి,
లెక్కపెట్టకుండా ఉండలేడు.
దుర్భిణి ఆనించి, పెదాలు కదుపుతూ
"పంతొమ్మిది... ఇరవై...
అదుగో, ఆ బొజ్జాయన టికెట్టు లేకుండానే దిగిపోయాడు.
సరే, పంతొమ్మిది."

నేను ఉత్తరాలు పంచినదాన్ని.
నాకు అంకెలు ఆనవు, ఇళ్ళు ఆనతాయి.
గులకరాళ్ళ నడుమ ఎర్రముక్కు పిట్ట ఒకటి
గూడంటూ కట్టకుండానే
మూడు గుడ్ల మీద కూర్చుంది.
తలుపు లేదు, నంబరు లేదు.
అడ్రసు నాకు తెలిసిపోయింది.
ఎవరికీ చెప్పను.

పక్క టెంటు పిల్లాడు ఉకు,
తార్తు నుంచి వచ్చాడట,
మోకాలికి పచ్చరంగు బ్యాండేజీ.
"జంతువులు ఎప్పుడు మొదలవుతాయి?" అన్నాడు,
సినిమా హాలు గేటు దగ్గర అడిగినట్టు.
"మొదలయ్యాయిగా."
"ఏం చేస్తున్నాయి?"
"ఏమీ చెయ్యడం లేదు."
వాడు కాస్త ఆలోచించి
మా దుప్పటి అంచున కూర్చున్నాడు.

అప్పుడొచ్చాయి ఈడర్ బాతులు.
మట్టిరంగు ఆడవి నాలుగు,
మధ్యన పదమూడో పద్నాలుగో పిల్లలు.
ఎవరి పిల్లలు ఎవరివో
వాటికీ పట్టింపు ఉన్నట్టు లేదు.
తల్లులో పిన్నమ్మలో,
వెనకబడ్డదాన్ని ముక్కుతో తోసి
అల దాటిస్తున్నాయి.
తెల్లతోక గద్ద నీడ నీళ్ళ మీద పాకగానే
నాలుగూ దగ్గరికి జరిగి గోడైపోయాయి.
ఉకు నా చెయ్యి పట్టుకున్నాడు.
గద్ద ఇంకేదో పని గుర్తొచ్చినట్టు
అటు మళ్ళింది.
వాడు చెయ్యి వదలడం మర్చిపోయాడు.
నేనూ గుర్తుచెయ్యలేదు.

మధ్యాహ్నం అందరం కునికాం,
సీళ్ళతో సహా.
కల్యో మాత్రం నీళ్ళు తేవడానికెళ్ళి
రేవుపిట్టల చేత నెత్తిన రెండు మొట్టికాయలు తిని
బకెట్టు బోర్లించుకుని వచ్చాడు.
నీళ్ళు రాలేదు.

సాయంత్రమైందని గడియారం అంది.
జూన్‌లో ఇక్కడ వెలుతురుకి
వేళకి ఇల్లు చేరే అలవాటు లేదు.
పొద్దుట్నుంచీ ఒడ్డుకి దగ్గరగా, ఎడమపక్క ఉన్న బండ,
ఈతకెళ్తే ఎక్కి కూర్చోవాలనుకున్న బండ,
ఆవులించింది.
పళ్ళు, మీసాలు, గులాబీరంగు నాలుక.
మమ్మల్ని ఓ చూపు చూసి
అంతగా నచ్చక
మళ్ళీ బండైపోయింది.

ఉకు నోరు ఇంకా తెరిచే ఉంది.
కల్యో దుర్భిణి దించాడు.
"అయితే నా లెక్క పొద్దుట్నుంచీ తప్పేనన్నమాట!"
ఉద్యోగంలో ఉండగా
ఆ మాట ఇంత సంతోషంగా ఎన్నడూ అనలేదు.

వెనక్కి తిరిగేసరికి
పొగబెట్టిన చేపల పొట్లంలో చేపల్లేవు.
కాగితం మాత్రం చిరగకుండా ఉంది.
పొద చాటున రాగిరంగు నక్క తోక.
దాన్ని తొక్కినవాళ్ళెవరూ లేరు,
అదృష్టమంతా దానికే మిగిలింది.
సంతకం పెట్టకుండా పార్సిలు పట్టుకెళ్ళిన మొదటి శాల్తీ
నా సర్వీసులో.

నల్లరొట్టె, ఉల్లిపాయ, ఉప్పు.
గడ్డిలో కనిపించని పిట్టేదో
దువ్వెన పళ్ళ మీద గోరు గీస్తున్నట్టు
ఒకటే గీకుడు.
చీకటి పడదు కాబట్టి
పడుకోవడం మన ఇష్టానికి వదిలేశారు.

జేబులో వంకర మేకు గుచ్చుకుని
కల్యో లేచి కూర్చున్నాడు.
టెంటు తెర సందులోంచి చూసి,
"విల్వె, ఆ చివరిది కదిలిందా?"
"పడుకో."
పక్క టెంటులోంచి, మెల్లగా,
"కదిలింది."