ముడి కనబడేచోటు

పద్నాలుగు రోజుల ఉచిత గడువు
ఈ రాత్రికి తీరిపోతుంది.
మల్పీకా రేవులో, వలల షెడ్డు గుమ్మంలో
ఒళ్ళో లాప్‌టాప్‌తో కూర్చున్నాను.
బయట వాన. వాన అనడమెందుకు,
గలీసియాలో గాలే తడిగా పుడుతుంది.

మూడు కంపెనీలు నా ఫొటోలకు
గోడ అద్దెకిస్తామంటున్నాయి.
మొదటిది డబ్బడగదు.
అడుగున తన పేరు మాత్రం
నా పేరుకంటే లావుగా రాసుకుంటుంది.
రెండోది నెలకు ఆరు యూరోలు.
దాని నమూనా పేజీల నిండా పెళ్ళికూతుళ్ళు,
ఎండలో మెరిసే నిమ్మకాయలు.
షరతుల్లో పదిహేడో పేరా మాత్రం సన్నగా గొణుగుతుంది:
మీ బొమ్మలు మా ప్రకటనలకు వాడుకుంటాం.
మూడోది తొమ్మిది. ఏడాదిదీ ఒక్కసారే కట్టాలి.
కట్టడం మానేస్తే ముప్పై రోజులు ఆగి
అన్నీ చెరిపేస్తారట. మర్యాదగానే రాశారు.

మీరు ఏ రకం ఫొటోగ్రాఫరని అడిగాయి మూడూ.
పెళ్ళిళ్ళు, పసిపాపలు, ఇళ్ళు, వంటకాలు.
వలలు బాగుచేసే ఆడవాళ్ళకు గడి లేదు.
"ఇతరములు" నొక్కాను.

పదకొండేళ్ళు. నలభై వేల ఫొటోలు.
ఇరవై చాలంటారు తెలిసినవాళ్ళు,
చూసేవాడి ఓపిక అంతవరకేనట.
రాత్రుళ్ళు కూర్చుని ఏరుతున్నాను,
బియ్యంలో రాళ్ళు కాదు,
బియ్యంలో బియ్యం.

ఒబ్దూలియా నా వెనకే పని చేస్తోంది.
డెబ్బై ఒక్కేళ్ళు. కాళ్ళు బారచాపి
బొటనవేలికి వల తగిలించి లాగిపట్టి
పచ్చ ప్లాస్టిక్ సూదితో చిరుగు పూడుస్తోంది.
"ఇంకా అదే దుకాణంలో ఉన్నావా?" అంది.
"దుకాణం కాదు, గోడ."
"గోడకి అద్దా!"
నవ్వుతూనే దారం పళ్ళతో తెంపింది.

ఒకే ఫొటోని మూడుచోట్లా ఎక్కించి
ఫోన్ ఆమె చేతిలో పెట్టాను.
ఎనిమిదేళ్ళ కిందటిది. ఒకే వల మీద
నలుగురి చేతులు. మొహాల్లేవు.

మొదటిది చూసి, "నీళ్ళ కింద తీశావా?" అంది.
నిజమే. బరువు తగ్గించాలని వాళ్ళు
నా దారాలన్నీ నూరి చారు కాచారు.

రెండోది చూసి, "బాగానే ఉంది. ఎవరి చేతులివి?"
అందులో ఆమె చేతులూ ఉన్నాయి.
నేను చెప్పలేదు.

మూడోది వేళ్ళతో లాగి పెద్దది చేసింది.
ఇంకా చేసింది. కళ్ళద్దాలు నుదుటికి నెట్టి
ఊపిరి తెరకు తగిలేంత దగ్గరికి తెచ్చుకుంది.
"ఇది నా ముడి. ఎడమకి వాలుతుంది.
ఇది ఫినాది. బిగువెక్కువ, మనిషిలాగే.
ఇది..."
సూది కింద పెట్టింది.
"ఇది ఎర్మిటాస్‌ది. రెండు చుట్లు తిప్పుతుంది.
రెండోది దండగే అని ఎన్నిసార్లు తిట్టానో."

ఎర్మిటాస్ పోయాక ఇది మూడో చలికాలం.
ఆ వల ఏ పడవెక్కి పోయిందో,
ఏ బండకు చిక్కి తెగిందో
రేవులో ఎవర్నడిగినా తెలీదు.

"నెలకి తొమ్మిదంటే?" అంది కాసేపటికి.
"నీ గంట కూలి."
"అంత ఎవడిస్తున్నాడే నాకు?"

కార్డు అంకెలు కొట్టాను.
నా ఇంటిపేరులో నెత్తిన అల మోసే అక్షరం ఒకటుంది,
సైటు చిరునామా దాన్ని ఒప్పుకోలేదు.
అల తీసేసి రాశాను. అక్కడ మాత్రం
కాస్త నొచ్చుకున్నాను.

చీకటి పడింది. రేవు దీపాలు
ఒకటొకటిగా తడుస్తున్నాయి.
ఒబ్దూలియా వల మడిచింది,
మోకాళ్ళు పట్టుకుని లేచింది,
గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"రెండో చుట్టుకి కూడా డబ్బు కట్టామని
ఎర్మిటాస్‌కి తెలియనీకు.
బతకనివ్వదు నన్ను."