సూది బెజ్జం

లెక్కలు రాస్తాను నేను.
వైద్యం తక్కువ ఈమధ్య, లెక్కలే ఎక్కువ.
యంత్రం ఎప్పుడు తప్పింది, ఎవరి కంట్లో తప్పింది,
తప్పినప్పుడు దాని గొంతు వణికిందా.

వణకదు. నా పరిశోధనంతా ఆ ఒక్క మాటే.

కంటి లోపలి పొరను ఫొటో తీసి
షుగరు తినేసిన నరాల్ని వెతికే పెట్టె అది.
తలాబ్‌కట్టలో, జిరాక్స్ కొట్టు పక్క క్లినిక్‌లో
ఎల్లేషు గడ్డం ఆనించమంటాడు, రెప్ప వేయొద్దంటాడు.
పచ్చ చీటీ వస్తే ఇంటికి,
ఎర్ర చీటీ వస్తే నా దగ్గరికి.
ఏడాదిలో తొమ్మిది వేల కళ్ళు.
దాన్ని నేను తిట్టను,
ఎన్ని కళ్ళు నిలబెట్టిందో ఆ లెక్కా నా దగ్గరే ఉంది.

జులైలో ఎర్ర చీటీలు తగ్గాయి.
లాల్‌దర్వాజా డప్పులు కిటికీ అద్దాన్ని అదరగొడుతుంటే
మీటింగులో ఎవరో అన్నారు:
బస్తీలో షుగరు అదుపులోకొచ్చింది.
తెర మీద గీత కిందికి జారుతోంది,
జారుడుబల్ల మీద పిల్లాడిలా.
అందరూ చప్పట్లు కొట్టారు.
నేనూ కొట్టాను.
ఏ జర్నల్‌కీ పంపని వాక్యం ఇది.

గౌసియా బీ మంగళవారం వచ్చింది, చేతిలో పచ్చ చీటీతో.
జర్దోసీ పని. ముప్పై ఏళ్ళుగా
ఎవరెవరి పెళ్ళిళ్ళకో జరీ పూలు.
"సూయీ మే ధాగా నై జారా అమ్మా" అంది.
చీటీ చూశాను. జబ్బు లేదు. నమ్మకం తొంభై ఏడు శాతం.
వయసు బీ, అద్దాలు మార్చుకో, అన్నాను.

ఆమె లేవలేదు.
బురఖా జేబులోంచి సూది తీసింది,
దారం కొసను నాలుకతో తడిపి
నా ఎదుటే ఎక్కించబోయింది.
బెజ్జానికి ఎడమగా పోయింది.
మళ్ళీ ఎడమగానే.
బయట లైను గొణుగుతోంది, ఎవరి పిల్లో ఏడుస్తోంది,
ఆమెకు తొందర లేదు.
ఏడోసారికి నేనే లేచి లైటు ఆర్పాను.

నా చేతి లెన్సులో
చూపు నడిబొడ్డున వాపు,
చుట్టూ ఆవగింజలంత పసుపు మరకలు.

ఆటోలో పోయాను, మోకాలి లోతు నీళ్ళలో.
కెమెరా లెన్సు విప్పి దీపానికి అడ్డంపెడితే
బూజు.
సాలెగూటి కన్నా పలచన.
ఏసీ చెడి నెలయిందట.
"నేను ఎప్పుడో జూసిన మేడం,
బొమ్మలు పొగబట్టినట్టు వస్తున్నయ్.
యాప్‌ల జెప్పుకునే జాగ లేదు," అన్నాడు ఎల్లేషు.

పొగను యంత్రం ఆరోగ్యమనుకుంది.
మచ్చ కనబడకపోవడం వేరు, మచ్చ లేకపోవడం వేరని
దానికెవరూ చెప్పలేదు.
నాకు చెప్పారు, మొదటి ఏడాదే, బల్ల గుద్ది.
తొంభై ఏడు చూడగానే మరిచిపోయాను.

ఇప్పుడు కొత్త నియమాలు రాస్తున్నాం.
ఎర్ర చీటీలు పెరిగితే గంట మోగాలి, తగ్గినా మోగాలి.
పచ్చవాటిలో ఇరవైకొకటి మనిషి చూడాలి.
ఎల్లేషు మాటకొక గడి, ఖాళీగా ఉన్నా సరే, పెద్దది.
పరికరాల జాబితాలో ఒక సూది, ఒక దారపు ఉండ.
ధర పదిహేను రూపాయలు.
కమిటీలో పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి
ఇదేమిటమ్మా, అన్నాడు.
చెబితే నవ్వలేదు. సంతకం పెట్టాడు.

బూజు పట్టిన రోజుల్లో రెండొందల పన్నెండు పచ్చ చీటీలు.
అందర్నీ వెనక్కి పిలిచాం.
ముప్పై ఒక్కరు దొరకలేదు.
నంబర్లు మారాయి, అద్దె ఇళ్ళు మారాయి,
ఒకావిడ పేరు మేమే తప్పు రాసుకున్నాం.
ఈ నగరంలో ఎక్కడో, బీరువాలో,
చీర మడతల కింద, రేషన్ కార్డు పక్కన
ఆ కాగితాలు నిశ్చింతగా పడుకున్నాయి.

మీ ఇంట్లో తలాబ్‌కట్ట ముద్రతో, జులై తేదీతో
పచ్చ చీటీ ఉంటే
ఒక సూది తీసుకోండి.
దారం తడపండి.