సాయంత్రం దాకా మాట్లాడిన బండి

పొద్దున్న ఏడున్నరకి మా ఆట.
తొమ్మిది దాటకుండానే అయిపోయింది.
బండి మాత్రం సాయంత్రం ఆరింటి దాకా మాట్లాడాం.

వేట నిషేధం రోజులు.
మంగమారిపేటలో పడవలు ఒడ్డెక్కి పడున్నాయి,
ఇంజన్లు విప్పి పట్టాల్లో చుట్టేశాం.
వల పట్టని చేతులు ఊరికే ఉండవు కదా,
మనిషికి రెండొందలేసి పోగేసి
రెడ్డిపల్లి టోర్నమెంటుకి పేరిచ్చాం.
ఓడితే ఇంటికే. రెండో మాట లేదు.

కోసేసిన వరిచేను.
మోళ్ళు కాల్చి, ట్రాక్టరుతో తొక్కించి
మధ్యలో ఒక పిచ్.
అటు జీడితోట, ఇటు కొండ,
చుట్టూ వంకర తిరిగిన సున్నం గీత.
దిగీ దిగగానే ఎల్లాజీ ముఖం పైకెత్తి
గాలి కోసం చూశాడు.
లేదు.

మా ఎల్లాజీ బంతి సగం వాడిది, సగం సముద్రానిది.
మా ఇసకలో వాడు విసిరితే
ఎటో బయల్దేరి, మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు
వికెట్ల మీదకి మళ్ళుతుంది.
ఇక్కడ మాత్రం చెప్పిన దారినే పోయింది
బడికెళ్ళే బుద్ధిమంతుడిలా.
మజ్జివలస కుర్రాడొకడు, మీసమైనా సరిగ్గా రాలేదు,
దాన్ని మూడుసార్లు జీడితోటలో పారేశాడు.
మూడోసారి వెతకడానికెళ్ళిన కొర్లయ్య
బంతితో పాటు రెండు జీడిపళ్ళు తెచ్చాడు,
ఒకటి కొరుక్కుంటూ.
కెప్టెన్ గురువులు ఏమీ అనలేదు.
చెయ్యి చాచి రెండోది తీసుకున్నాడు.

ఎనిమిది ఓవర్లకి వాళ్ళు తొంభై ఆరు.
మేము యాభై మూడు.
అందులో నావి నాలుగు,
బ్యాటు అంచుకి తగిలి కీపరు కాళ్ళ సందులోంచి పోయినవి.
అయినా నాలుగు నాలుగే.
స్కోరు పుస్తకంలో అంచు అని రాయరు.

"ఇప్పుడెల్లినా అదే డబ్బు" అన్నాడు డ్రైవరు పైడిబాబు,
సీటు వాల్చి, ముఖం మీద తువ్వాలేసుకుని.
ఇప్పుడెళ్తే, ఎండుచేపలు తిరగేస్తున్న మా అత్త ఎన్నమ్మ
ఒక్క మాటా అనదు.
నవ్వుతుంది.
ఉండిపోయాం.

తాటిచెట్టు నీడ ఎంతని,
అది జరిగినప్పుడల్లా పదకొండుమందిమీ జరిగాం.
ముంజలు తిన్నాం. నిద్రపోయాం. పోట్లాడుకున్నాం.
మజ్జివలస మళ్ళీ దిగినప్పుడు
కొర్లయ్య లెక్క తీశాడు:
"ఒరే, ఈళ్ళు కప్పు కొట్టారనుకో,
మనం కప్పు కొట్టినోళ్ళ సేతిలో ఓడినట్టు."
అదీ నిజమే.
ఆ మీసం రాని వాడి పేరు దేముడట.
గొంతులు పోయేలా అరిచాం
దేముడూ, దేముడూ అని.
అంత గట్టిగా మేము గుడిలోనూ పిలవలేదు.

దేముడు సున్నాకి అవుటయ్యాడు.

గిడిజాల వాళ్ళు గెలిచారు.
సరే, గిడిజాల అన్నాం,
మా బంధువులెవరో అక్కడున్నట్టు.
ఫైనల్లో గిడిజాల రెండు పరుగులతో పోయింది
పాండ్రంగి చేతిలో.
అప్పుడు కొర్లయ్య వేళ్ళు మడిచాడు,
మమ్మల్ని ఓడించినోళ్ళని ఓడించినోళ్ళని ఓడించినోళ్ళు...
మధ్యలో తప్పిపోయి, చెయ్యి దులిపేసుకున్నాడు.
కప్పు ఇచ్చేటప్పుడు మాత్రం
అందరికంటే ఎక్కువ చప్పట్లు మావే.

బండెక్కుతుంటే దేముడొచ్చాడు, చెప్పులు చేత్తో పట్టుకుని.
"అన్నా, నీ రెండో ఓవర్లో ఒక్క బంతి తిరిగింది.
ఎలాగేసేవు?"
ఎల్లాజీ చాలాసేపు ఆలోచించాడు.
"నాకూ తెలీదురా" అన్నాడు.
"ఒడ్డుకి రా. అక్కడైతే తెలుస్తాది."

తగరపువలస దాటి భీమిలి వైపు దిగుతుంటే
కిటికీలోంచి కొట్టింది ఉప్పుగాలి,
పడుకున్న వాళ్ళ జుట్లన్నీ లేపుతూ.
ఎల్లాజీ చెయ్యి బయటపెట్టాడు,
వేళ్ళ మధ్య బంతి ఉన్నట్టే
మణికట్టు ఒకసారి తిప్పి చూశాడు.

"ఇప్పుడొచ్చేవా" అన్నాడు గాలితో.
"పొద్దున్నేటి సేసేవు?"