మూసే వేళ

ఎనిమిదయింది. ఈల నోట్లోనే ఉంది, ఊదలేదు.
నూకరత్నం "ఇంకొక్కసారి" అంటోంది,
నిన్నా అదే అంది.
బోర్డు దానిది కాదు, ముగ్గురిది. వంతులు.
ఉప్పుగాలికి బేరింగులు తుప్పెక్కితే
మందుసీసా మూతలో కిరసనాయిలు పోసి నానబెడతారు.

సిమెంటు గుంత అంచు నుంచి
దిగింది. పడింది.
మోచెయ్యి చూసుకోలేదు,
చక్రాలు చూసుకుంది.

ఇరవై ఏళ్ళు తెప్ప మీద నిలబడ్డవాణ్ణి,
నీళ్ళు లేని ఈ కెరటం నాకేం కొత్త?
"మోకాళ్ళు వదులుగా ఉంచే, అదే మోస్తాది నిన్ను"
అని అరిచాను, నాకు తెలీకుండానే.

యారాడ కొండ మీది దీపం ఒక చుట్టు తిరిగొచ్చేలోపు
అవతలి అంచున ఉంది.
కేకలేం లేవు. వంతైపోయిందని
బోర్డు పక్కవాడికిచ్చేసింది.

ఎనిమిదిన్నర.
ఈల జేబులో వేసుకున్నాను.
పుస్తకంలో మాత్రం ఎనిమిదనే రాశాను.