మలాబా దాకా

ముప్పై ఒక్క ఏళ్లు
మొంబాసాలో, చంగామ్వే గుట్ట మీద,
రేకుల కప్పు ఆఫీసులో కూర్చుని
ఉగాండాకి లారీలు పంపాను.
నేను మాత్రం ఎన్నడూ వోయి దాటలేదు.
అమ్మ ఊరు వోయి. నా రోడ్డు అక్కడితో సరి.

మిగతా రోడ్డంతా నాకు గొంతుల్లోనే తెలుసు.
మొదట్లో నాణేల ఫోను, మాట మధ్యలో టక్కున పడే షిల్లింగు.
తర్వాత సెల్లు.
"మరియకాని కాటా దగ్గరున్నా మేడం,
వెనక ఇరుసు మీద మూడొందల కిలోలు ఎక్కువంటున్నారు."
"గేరు బాక్సు మూలుగుతోంది."
"వాన, మేడం, ఒకటే వాన."
ముందు వైపర్ చప్పుడు వినిపించేది,
వెనకాలే అబద్ధం.

ఒబుయా దగ్గాడంటే
మావు కొండ చలిలోకి ఎక్కాడని.
కిప్టూ మరీ మర్యాదగా మాట్లాడాడంటే
ఎక్కడో డీజిల్ అమ్మేశాడని.

గోడ మీద పటం. పటం నిండా గుండుసూదులు.
ఆకుపచ్చ కదిలే బండి, ఎరుపు ఆగిన బండి.
రాత్రి మూడింటికి ఇంట్లో ఉలిక్కిపడి లేచి
చీకట్లో ఎర్ర సూదులు లెక్కపెట్టుకునేదాన్ని.
మా ఆయన అటు తిరిగి పడుకునేవాడు.
పెళ్లాడింది నన్నా, ఆ రోడ్డునా అని
ఒక్కసారే అడిగాడు. నవ్వుతూనే.

సరుక్కి పేరుంటుంది, బరువుంటుంది, గడువుంటుంది.
గోధుమలు, టైర్లు, ఆస్పత్రి మంచాలు,
ఒకసారి కంపాలా చర్చికి పియానో,
చేరేసరికి రెండు మెట్లు పలకలేదట,
పరిహారం కట్టాం.

రెండు వేల తొమ్మిది, మే నెల.
కాఫీ బస్తాలతో తిరిగొస్తూ
సల్గా దిగుడులో వన్యామాకి బ్రేకులు అందలేదు.
ఆ రాత్రి పుస్తకంలో నా చేత్తో నేను రాసింది:
పదిహేడో నంబరు బండి. ఆలస్యం.
కారణం, ప్రమాదం. బస్తాలు వేరే బండికి మార్చాలి.
అందులో వన్యామా లేడు.
మనిషిని రాసే గడి లేదు ఆ పుస్తకంలో.
చేతిలో స్కేలుంది, పెన్నుంది,
ఒక గడి గీసుకోవచ్చని తట్టలేదు.

రైలొచ్చింది. సగం కంటైనర్లు పట్టాలెక్కాయి,
సగం సూదులు డబ్బాలో పడ్డాయి.
పటం పోయి తెర వచ్చింది, తెర మీద చుక్కలు.
చుక్కలు అబద్ధం చెప్పవు.
దగ్గవు కూడా.

పోయేరోజు గడియారం ఇచ్చారు, నాకు, గడియారం!
నేనడిగింది లారీలో ఒక సీటు.

చెరోటిచ్ నడిపింది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల,
గేరు మార్చినప్పుడల్లా పళ్లసందున ఈల వేస్తుంది.
రెండు రోజులు కిటికీకి ముక్కానించి కూర్చున్నాను.
నేను కాగితం మీద నలభై నిమిషాలన్న చోట
ఎదురుగా నిటారుగా కొండ నిలబడి ఉంది.
"సల్గా రాగానే చెప్పు" అన్నాను.
"ఎప్పుడో దాటాం మేడం. మీరు నిద్రపోయారు."
అంతే.
ఏమీ అనలేకపోయాను. ఏమంటాను?

మలాబాకి ఇంకా ఆరు కిలోమీటర్లుండగానే
బండి వెనక బండి, బండి వెనక బండి.
ఇన్నేళ్లూ ఫోన్లో నేను తిట్టిన ఆలస్యం ఇది.
ఇక్కడ అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్నారు.
ట్రెయిలర్ నీడలో ఉగాలి ఉడుకుతోంది.
ఎవరో ఎవరికో ఉత్తరం చదివి పెడుతున్నారు.
నన్ను కూర్చోబెట్టడానికి
ఒకాయన తన పీట తుడిచిచ్చాడు,
నేనెవరో తెలియకుండానే.

ముద్ద నోట్లో ఉండగా మా వరస కదిలింది.
చెరోటిచ్ వెనక బండిని ముందుకు పొమ్మంది.
రెండు నిమిషాలు కాలేదు, ఫోను. చంగామ్వే నుంచి.
నా కుర్చీలో కూర్చున్న కుర్రాడు:
"చుక్క కదలడం లేదేం?"

"వాన" అంది చెరోటిచ్, నమలడం ఆపకుండానే.

ఆకాశంలో మబ్బు తునక లేదు.
నేను లేచి, తలుపు తీసి,
క్యాబిన్‌లోకి చెయ్యి చాచి
వైపర్ వేశాను.