గడియారం కాడ బూట్ల సంగతి

ముందుగాల కాలు జూపియ్యి బిడ్డా,
బూటు సంగతి తర్వాత.
కోయిల్‌కొండ బస్సు దిగి తిన్నగ ఈడికే వచ్చినవ్ గదా,
ఇంకో గంట కూసో, గోనెసంచి మీదనే.
పొద్దుగాల కొలిచిన కాలు అబద్ధమాడ్తది,
ఎండల తిరిగి ఉబ్బిన కాలే నిజం జెప్తది.

మిలిట్రీవాళ్లే బూట్లిస్తరు,
గని అప్పటికి కాళ్లు తయారుండాలె అన్నవు జూడు,
గా మాట నచ్చింది నాకు.

ఎడమకాలు వీసమంత పెద్దగున్నది.
సిగ్గువడకు, శానామందికి గంతే.
పెద్దకాలికి కొను, చిన్నకాలికి దూది వెట్టు.

జబ్బార్ భాయ్ నాలుగు జతలు దింపుతడు.
మెరిసేదాని జోలికి పోకు,
అది రంగు, తోలు గాదు.
బొటనేలుతోటి ఒత్తు.
ముసలవ్వ చెంప లెక్క సన్నగ ముడతలు వడి
ఏలు తియ్యంగనే సాపైతే
అది ఒకనాడు మేసిన తోలు, వానకు తడిసిన తోలు.
ప్లాస్టిక్కుకు ముడత వడది బిడ్డా,
దానికి యాది ఉండది.

లోపటికి మొకం వెట్టి వాసన జూడు.
నాకైతే లంద వాసన గావాలె,
తంగెడు చెక్క నానిన నీళ్ల వాసన.
గిప్పటి బూట్లకు అదేడుంటది, అన్నీ మందులే.
మా నాయిన చేతులకు సచ్చేదాంక వోలే ఆ వాసన.
పెండ్లి బంతిల మమ్ముల్ని ఎడంగ కూసోవెట్టింది దానికే.
వాళ్ల బాయిల మోట బొక్కెన గూడ మా నాయిన కుట్టిందే,
ఆ నీళ్లు మాత్రం తాగుతుండిరి.
పోనియ్యి. బూటు సంగతి గదా.

మడిమె ఎనక ఒక ఏలు వట్టాలె, రెండు వట్టొద్దు.
ముంగట కాలేళ్లు మెసలాలె,
గంప కింద కోడిపిల్లల్లెక్క.
ఎంత జెప్పినా మూడువందలు తగ్గియ్యమను,
గడియారం కాడి ముసలోడు పంపిండని జెప్పు.

ఇంటికి వోంగనే తొడుక్కొని ఉరుకకు.
మానెడు పచ్చజొన్నలు బూట్ల నిండ వోసి
మునిగేటట్టు నీళ్లు వొయ్యి, మూతి బిగ్గర గట్టు.
రాత్రంత జొన్నలు ఉబ్బుతయి,
సప్పుడు లేకుంట తోలును జరుపుకుంట వోతయి,
కిక్కిరిసిన బస్సుల ముసలమ్మ
జర జరుగు నాయినా, జర జరుగు అన్నట్టు.
గూటంతోటి కొడితే ఇనని తోలు
జొన్నల మాట ఇంటది.
తెల్లారి కోళ్లకు వెయ్యి వాటిని, మర్సి గట్కల వోసేవు.

నీడకు ఆరనియ్యి. పొయ్యి కాడ వెట్టినవా,
ఇగ అది తోలు గాదు, అప్పడం.
గోరువెచ్చని ఆముదం, పాత అంగి పేలిక,
కుట్ల కాడ దండిగ, మడత కాడ ఇంక దండిగ.
మొదటినాడు వాకిట్ల నడువు,
రెండోనాడు బోరింగు దాంక,
పదోనాడు కోట మెట్లెక్కు.

బొబ్బ లేస్తది. లేవనియ్యి.
సూది కాల్చి పక్కకెళ్లి గుచ్చు, పైపొర పీకకు,
అది గూడ తోలే, నీది.
ఒకటి బర్రెది, ఒకటి మనిషిది,
రెండు కొట్లాడి కొట్లాడి రాజీకి రావాలె.
ముందు ఎవరు మెత్తవడ్తరో నేను జెప్పలేను.

నేనా? ఎన్నడు తొడగలే.
యాభై ఏండ్లాయె ఈడ కూసోవట్టి,
ఊకె కుట్టుడే.

ఆ సంచిల ఏమున్నదనా?
ఒక పిలగాడు, మక్తల్ దిక్కు,
మడిమెలు మార్సి పెట్టు తాతా, ఐతారం వస్త అన్నడు.
పదకొండేండ్లాయె.
యాడాదికి రెండుమాట్ల ఆముదం రాస్త,
దుమ్ము దులిపి మల్ల గట్టి పెడ్త.
పైసలు గూడ ముందుగాలనే ఇచ్చిండు, గదే బాధ.

గట్ల జూడకు, నీకు వట్టవు.
నువ్వు బస్సు దిగి రోడ్డు దాటుతుంటెనే కొలిచిన.

ఏదీ, మల్లొక్కసారి కాలు జూపియ్యి.
ఊఁ, ఇప్పుడు జెప్తున్నది నిజం.
ఉరుకు, జబ్బార్ షట్టరు దించుతుండు.