రెండో బ్రేకు

సర్వేయరు సారు వచ్చినాడు.
గ్రీమ్స్‌పేట షెడ్డులో నా బండి చుట్టూ రెండు సుట్లు తిరిగినాడు.
మూడోది తిరిగితే ప్రదక్షిణం అయిపోతాదనుకున్నాడో ఏమో
బానెట్టు దగ్గరే ఆగిపోయినాడు.
పదకొండు ఫోటోలు.
తలుపు తియ్యలేదు, లోపల కూర్చోలేదు.
దస్తగిరి తెప్పించిన టీ మాత్రం తాగినాడు.

తొమ్మిదో దినం కాగితం వచ్చింది.
బండి విలువ రెండు లక్షల ఇరవై వేలు,
బాగు చేసేదానికి లక్షా డెబ్బై ఆరు వేలు,
నూటికి డెబ్బై అయిదు దాటినందున
టోటల్ లాస్.
అంటే ఏంది దస్తగిరీ అని అడిగితే
"బండి లేనట్టేనంట అక్కా" అన్నాడు
దాని మడ్‌గార్డు మీద చెయ్యి ఆనించుకోని.

అయ్యా,
నేను దేశమ్మను. దేశమ్మ మోటారు డ్రైవింగ్ స్కూలు.
పద్నాలుగేండ్లుగా ఎడంపక్క సీట్లో కూర్చోని బతికినదాన్ని.
స్టీరింగు ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే,
నాకుండేది కాళ్ల కింద రెండో క్లచ్చి, రెండో బ్రేకు,
ఇంత గొంతు.

మురకంబట్టు మలుపులో ఆ పొద్దు
స్టీరింగు పోస్టాఫీసు హైమావతి చేతిలో ఉండింది.
కంకర లారీ అడ్డం వచ్చింది.
ఆమె కండ్లు మూసుకునింది.
మూసుకోవద్దని మూడు వారాలుగా చెప్తా ఉన్నాను,
అయినా మూసుకునింది.
నేను తొక్కినాను.
లారీ మా ముందు భాగాన్ని కొరుక్కోని పోయింది గానీ
మమ్మల్ని మింగలేదు.
సోమవారం హైమావతి ఎప్పటిమాదిరే స్టాంపులు అమ్మింది.
ఇది మీ కాగితంలో ఏ గడిలో రాసినారు?

"అదనపు అమరికలు" అనే చోట అడ్డగీత కొట్టినారు.
డ్రైవింగ్ స్కూలు బండి అని ఏటేటా
ప్రీమియం మీద ప్రీమియం వడ్డించినారే,
తీసుకునేటప్పుడు కనబడిన బ్రేకు
ఇచ్చేటప్పుడు యాడికి పోయింది సామీ?

మీ వర్క్‌షాపు లెక్కలో డాష్‌బోర్డు కొత్తది.
మా డాష్‌బోర్డుకు ఏమీ కాలేదు,
దాని మీద అంటించిన గంగమ్మ పటం కూడా వంగలేదు.
రేడియేటరు వేలూరు నించి తెప్పించి,
బానెట్టు మార్చకుండా సాగగొడితే
లక్షా ముప్పై ఒక వెయ్యీ నాలుగొందలని
దస్తగిరి ఆయిల్ ఫిల్టరు అట్టపెట్టె చించి
వెనకపక్క రాసిచ్చినాడు.
ఆ అట్టనే జతచేస్తా ఉన్నాను.
తెల్ల కాగితం మీద రాయమంటే
చేతికి గ్రీజు, కాగితం చెడిపోతాదన్నాడు.

ఇట్లా మూడు జాబులు రిజిస్టరు చేసినాను.
మూడిటికీ ముద్ర కొట్టింది హైమావతే,
కండ్లు తెరుచుకోనే కొట్టింది.

రెండో సర్వేయరు ఇరవై ఏడేండ్ల పిల్ల.
తిరుపతి నించి బస్సులో వచ్చింది.
తలుపు తీసింది.
ఎడంపక్క కూర్చునింది.
కాలికేదో తగిలి ఉలిక్కిపడింది.
"తొక్కు" అన్నాను.
తొక్కింది.
ముందు మొగమంతా చితికిపోయిన బండికి
వెనక లైట్లు ఎర్రగా వెలిగినాయి.
దస్తగిరి స్పానరు పట్టుకోని గమ్మున నిలబడినాడు.
ఆ పిల్ల ఏమో రాసుకునింది,
చానాసేపు రాసుకునింది.
టీ వద్దనింది.

జవాబు ఇంకా రాలేదు.
పొద్దున్నే కాణిపాకం రోడ్డులో షేరు ఆటోలో పోతా ఉంటే
ఎదురుగా లారీ కనబడినప్పుడల్లా
నా కుడికాలు
లేని బ్రేకును తొక్కుతా ఉంటుంది.
ఆటో పిల్లోడు అద్దంలో చూసి నవ్వుతాడు.
నవ్వనీ.
ఇప్పటిదాకా ఎవురికీ ఏమీ కాలేదు.